బజారుకెళ్ళిన అమ్మ

కుట్టు దుకాణం, మధ్య గది.
సోమవారం

చెల్లీ,

క్షేమంగా చేరావని నీ ఫోను వల్ల తెలిసింది. ఇక ఫోను చెయ్యకు. ఎందుకో కింద రాస్తాను. ముందు జరిగినవి వరసగా చెప్పనీ, లేకపోతే నువ్వు మధ్యలోంచి చదివి మధ్యలోంచే ఏడవడం మొదలుపెడతావు.

నువ్వు వెళ్ళిన రోజు అంతా మనం అనుకున్నట్టే జరిగింది. బుడంకాయ తెల్లారాక మామూలుగా లేచింది. పక్కన తడిమింది. వంటగదిలో చూసింది, స్నానాల గదిలో చూసింది, వంగి నా మిషను కింద కూడా చూసింది. నీ కూతురికి నాలుగేళ్ళు నిండినా మిషను కింద పట్టే మనిషే కదా, తను పడుతుంది కాబట్టి నువ్వూ పడతావనుకుంది కాబోలు. "అమ్మేది పెద్దమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే మీ బావ బట్ట కత్తిరిస్తూనే "బజారుకెళ్ళిందమ్మా, వచ్చేస్తుంది" అనేశారు. అది సరేనని చెప్పులేసుకుని గడప మీద కూర్చుంది.

ఏడవలేదు. చూశావా మరి? నువ్వేమో చెప్పే వెళ్తానని పట్టుబట్టావు. చెప్పి ఉంటే ఇల్లు పీకి పందిరి వేసేది. అది నిద్రలో ఉండగా చెప్పులు చేత్తో పట్టుకుని నువ్వు బయటపడడమే మంచిదయింది. సాయంత్రం దాకా గడప మీదే ఉండి అక్కడే తల వాల్చేసింది. పడుకోబెట్టి చెప్పులు విప్పబోతే ఉలిక్కిపడి లేచింది. సరేలే, చెప్పులతో పడుకుంటే మన సొమ్మేం పోయిందని ఊరుకున్నాను.

ఇక ఫోను సంగతి. నిన్న నీ గొంతు వినగానే అది మాట్లాడలేదు. ఫోను నేలమీద పడేసి తలుపు వెనక చూసింది. బట్టల బీరువా తెరిచింది. ఆ తర్వాత నిన్నంతా తిండి ముట్టలేదు. కొన్నాళ్ళు నీ గొంతు చెవిన పడకపోతే అదే సర్దుకుంటుంది. ఉత్తరాలు రాయి, నేనూ రాస్తాను. దానికి చదవడం రాదు కాబట్టి పేచీ లేదు.

నువ్వు ఇక్కడి బెంగ పెట్టుకుని అక్కడి పని చెడగొట్టుకోకు. రక్త పరీక్షల కోర్సు ఒక్క ఏడాది. అది పూర్తయితే ఒకరి చేతికింద బతకక్కర్లేదని అన్నది నువ్వే. బుడంకాయ వాళ్ళ నాన్న వెళ్ళిపోయిన దగ్గర్నుంచి నీ నోట నేను విన్న మొదటి తెలివైన మాట అది.

మీ అక్క


హాస్టలు, పై అంతస్తు.
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఫోను చెయ్యను.

గది బాగానే ఉంది. రెండు మంచాలు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. నాతో ఉండే అమ్మాయి నాకంటే బాగా చిన్నది, మొదటి రోజు నన్ను టీచరనుకుని లేచి నిలబడింది. ఇప్పుడు అక్కా అక్కా అంటూ నా సబ్బూ నా దువ్వెనా వాడుకుంటోంది. అంటే చెల్లెలి హోదా సంపాదించేసిందన్నమాట. నేను నీ దగ్గర చేసినవన్నీ గుర్తొస్తున్నాయి.

క్లాసులో ఇంకా మనుషుల దాకా రాలేదు. రబ్బరు చెయ్యి ఒకటి ఇచ్చారు. దాంట్లో గొట్టాలూ, ఎర్ర నీళ్ళూ ఉంటాయి. సూది ఎన్నిసార్లు తప్పు గుచ్చినా అది కిమ్మనదు. అందుకే మొదట దాని మీద వదిలారు.

బుడంకాయ ఏడవలేదని రాశావు. సంతోషించాలో ఏమనుకోవాలో తెలియలేదు. బస్సులో నేను మాత్రం ఏడ్చాను. పక్క సీటావిడ కంట్లో దుమ్ము పడిందనుకుని కిటికీ మూసేసింది. ఆవిడకి ఉక్కపోత, నాకు ఏడుపు, అలా ప్రయాణం సాగింది.

చెప్పులు ఇప్పుడైనా తీస్తోందా?

చెల్లి


కుట్టు దుకాణం.
బుధవారం

చెల్లీ,

మంచి కబురుతో మొదలుపెడతాను. బుడంకాయ నిన్ను అడగడం మానేసింది. ఒక్కసారి కూడా అమ్మేదని అనడం లేదు. తింటోంది, ఆడుకుంటోంది. చెప్పులు ఇంకా తీయడం లేదు, దానికేం, అరిగితే కొత్తవి కొందాం.

ఒక్క చిక్కు మాత్రం వచ్చిపడింది. బజారు. మీ బావ దారం కోసమని సంచీ తీస్తే చాలు, వచ్చి కాళ్ళకి చుట్టుకుంటుంది. "పెదనాన్నా, బజారుకొద్దు, బజారుకొద్దు." పోనీ నేను వెళ్తానంటే నా కాళ్ళకీ అదే బంధం. గుండీలకీ దారానికీ బజారుకెళ్ళకుండా కుట్టు దుకాణం నడిచేదెలా? చివరికి ఆయన దాన్ని చంకనేసుకుని బయల్దేరారు. బజారు రాగానే కిందికి దిగిపోయిందట. కూరగాయల బల్లల కింద దూరి చూసిందట. ఉల్లిపాయల బస్తాల వెనక చూసిందట. "ఏం పోయిందమ్మా?" అని ఉల్లిపాయలమ్మే ఆవిడ అడిగితే చెప్పలేదట. వాళ్ళమ్మ బజారుకొచ్చింది, వెతుక్కుంటోందని మీ బావే చెప్పారట.

ఇప్పుడు తనే రోజూ బజారుకు పద అంటోంది. అక్కడందరికీ అలవాటైపోయింది. ఉల్లిపాయలావిడ దీన్ని చూడగానే బస్తాలు తనే పక్కకి జరిపి "చూసుకో తల్లీ" అంటుందట. మీ బావ ఈ మాట చెబుతూ నవ్వారు. నవ్విన కాసేపటికి ఎవరిదో చొక్కా చెయ్యి పొట్టిగా కత్తిరించేశారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన కత్తెర తప్పడం నేను చూడలేదు.

వీధి చివర పిల్లల బడిలో చేర్పించాను. అక్కడ టీచరమ్మ ఒకావిడ ఉంది. నెమ్మదస్తురాలే కానీ చాదస్తం పాలెక్కువ. మొదటి రోజు ఇది బొమ్మల్లో మునిగి ఉండగా నేను సందు చూసుకుని జారుకోబోయాను. గేటు దగ్గర పట్టుకుంది.

"వెనక్కి రండి. దాని ఎదురుగా కూర్చుని, వెళ్తున్నానని చెప్పి వెళ్ళండి."

"ఏడుస్తుందమ్మా."

"ఏడవనివ్వండి. ఏడుపైతే మేం చూసుకుంటాం. వెతుక్కుంటూ తిరిగే పిల్లనే ఏం చెయ్యలేం."

చేసేది లేక చెప్పాను. చెవులు చిల్లులు పడేలా ఏడ్చింది. హాయిగా ఆడుకునే పిల్లకి చెప్పి మరీ ఏడుపు తెప్పించడం ఏం చదువో నాకు బోధపడలేదు. వాళ్ళమ్మ ఎక్కడుందని ఆవిడ అడిగితే మీ బావ అలవాటు కొద్దీ బజారుకెళ్ళిందన్నారు. ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

మీ అక్క


హాస్టలు.
శుక్రవారం

అక్కా,

ఉల్లిపాయల బస్తాల దగ్గర చదవడం ఆపేశాను. తర్వాత మళ్ళీ మొదటి నుంచి చదివాను. అది అడగడం మానలేదక్కా. మిమ్మల్ని అడగడం మానేసింది. తనే వెతుక్కుంటోంది.

ఇక్కడ ఇప్పుడు నిజం మనుషుల చేతులకి వచ్చాం. నిన్న ఒక పిల్లాడిని తీసుకొచ్చారు. మా గది అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని "ఏం లేదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుందంతే" అని గుచ్చింది. వాడు సూదికి కాదు, ఆ మాటకి ఏడ్చాడు. రెండోసారి కావాలంటే చెయ్యి ఇవ్వలేదు. ఆ అమ్మాయికే కాదు, ఎవరికీ ఇవ్వలేదు. వాళ్ళమ్మకి కూడా.

మా పెద్ద మేడం అది చూసింది. తర్వాతి పిల్లకి తనే సూది పట్టుకుంది. "నొప్పి పుడుతుంది. ఇదిగో, ఇప్పుడు గుచ్చుతున్నాను. ఏడవాలంటే ఏడు, చెయ్యి మాత్రం కదపకు" అంది. ఆ పిల్ల ఏడ్చింది. కానీ చెయ్యి కదపలేదు. పోయేటప్పుడు మేడంతో ఎప్పటి సంగతో ఏదో చెబుతూ పోయింది.

అక్కా, ఆ బజారు మాట తీసెయ్యండి. అమ్మ ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి ఊరెళ్ళిందని చెప్పండి. వానలు మొదలయ్యాక వస్తుందని చెప్పండి. మీకు కష్టమైతే నేనొచ్చి చెబుతాను. నిజం రాయాలంటే, కోర్సు వదిలేసి వచ్చేద్దామని ఇవాళ పొద్దున పెట్టె సర్దాను. మధ్యాహ్నం మళ్ళీ తీసి పెట్టాను.

చెల్లి


కుట్టు దుకాణం.
మంగళవారం

చెల్లీ,

నీ ఉత్తరం చదివాను. కోర్సు వదిలేయడం అనే మాట ఇంకోసారి రాస్తే నేను జవాబివ్వను.

నిజం చెప్పడం నిమిషం పని. చెప్పాక దాన్ని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగేదెవరు? నువ్వా? నీ మేడమా? వానలు మొదలయ్యాక అంటే దానికేం అర్థమవుతుంది? నిన్నటికీ రేపటికీ తేడా తెలియని పిల్ల. దానిది రబ్బరు చెయ్యి కాదు, నేర్చుకుంటూ గుచ్చి చూడడానికి.

రాకు కూడా. వచ్చి ఒక పూట కనబడి మళ్ళీ మాయమయ్యావంటే, ఇన్నాళ్ళుగా కూడదీసుకున్నదంతా గంగపాలు. అది ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది.

పిల్లలు పుట్టనిదానికి పిల్లల సంగతేం తెలుసులే అనుకుంటావేమో. అనుకో. దాని తల దువ్వేది నేను, జ్వరమొస్తే ఒళ్ళు తుడిచేది నేను. ఏది తట్టుకుంటుందో ఏది తట్టుకోలేదో నాకూ కొంచెం తెలుసు.

మీ అక్క


కుట్టు దుకాణం.
గురువారం

చెల్లీ,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అలకో పరీక్షలో తెలియదు. ఏదైనా సరే, ఇది చదివి వెంటనే రాయి.

బుడంకాయకి ఒంట్లో బాగానే ఉంది. ముందే చెబుతున్నాను, కంగారుపడకు. కానీ దాని వాలకం నాకేమీ బాగుండలేదు.

పోయిన వారం బడిలో పిల్లలందరినీ తాడు పట్టించి వరసగా బయటికి నడిపించారట. ఎదురుగా చెప్పులు కుట్టే కొట్టుంది, నీకు తెలుసు. ఇది ఆ కొట్టు వైపు చెయ్యి చాచి "మా అమ్మ" అని అరిచిందట. తాడు వదిలేసి రోడ్డు దాటబోతే టీచరమ్మ పట్టుకుంది. ఇంటికొచ్చి మాకు చెప్పింది. అమ్మ ఆకుపచ్చ స్వెటరు వేసుకుందట, చెప్పుల కొట్టు దగ్గర నిలబడిందట, తనని చూసిందట.

కాదమ్మా, ఎవరో అయ్యుంటారన్నాను. అమ్మే అంది. కాదని మీ బావా అన్నారు. అమ్మే అని ఆయన మోకాలి మీద కొట్టింది. సరే చూపిద్దామని ఆయన దాన్ని ఎత్తుకుని ఆ కొట్టుకి వెళ్ళారు. "చూడు, ఎవరూ లేరు కదా" అన్నారు. అక్కడి ఆయనని అడిగితే తలెత్తకుండా సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయాడట. బుడంకాయ చాలాసేపు ఆ పాత బూట్ల వంకే చూసి, ఇంటికి పోదాం అందట.

ఆ మర్నాటి నుంచి మొదలైంది. గ్లాసిస్తే "పెద్దమ్మా, ఇవి పాలేనా?" అంటుంది. తాగి చూసి కూడా అడుగుతుంది. కిటికీలోంచి పిల్లిని చూసి "పిల్లి ఉందా అక్కడ?" అంటుంది. ఉందంటే నా మొహం వైపు చూస్తుంది. నిన్న అద్దం ముందు నిలబడి "ఇది నేనేనా?" అని అడిగింది. ఆటకి కాదు.

టీచరమ్మకి చెప్పాను. "పిల్లలు బెంగతో లేనివి చూడడం ఉంది. కాకపోతే ముందు వాళ్ళమ్మకి ఆకుపచ్చ స్వెటరుందేమో కనుక్కోండి" అంది. లేదన్నాను. నీ ఒంటి మీద బట్ట ప్రతిదీ నేను కుట్టిందో నేను కొన్నదో. నీకు ఆకుపచ్చ స్వెటరు లేదు. అవునా?

జవాబు రాయి.

మీ అక్క


హాస్టలు.
శనివారం

అక్కా,

ఆ స్వెటరు మా గది అమ్మాయిది. ఆ రోజు చలిగా ఉంటే అడిగి వేసుకున్నాను.

పరీక్ష అయిన మర్నాడు సెలవిచ్చారు. మొదటి బస్సెక్కాను. నువ్వు రావద్దన్నావు, నేను ఉండలేకపోయాను. కనబడకుండా చూసి వద్దామనుకున్నాను. అలాగైతే నీ మాట దాటినట్టు కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బడి గేటు కనబడేలా ఆ చెప్పుల కొట్టు పక్కన నిలబడ్డాను. తాడు పట్టుకున్న పిల్లల్లో అది చివరి నుంచి రెండోది. జుట్టు నువ్వు రెండు పిలకలు వేశావు. ఒకటి వదులైంది.

అది తలెత్తి సూటిగా నన్నే చూసింది. నేను చెయ్యి ఊపలేదు. వేలాడుతున్న బూట్ల వెనక్కి జరిగాను. నా కూతురికి కనబడకుండా నేను దాక్కున్నానక్కా. "మా అమ్మ" అని అరవడం నాకు వినబడింది. టీచరమ్మ దాన్ని పట్టుకోవడం బూట్ల సందులోంచి చూశాను. వాళ్ళు మలుపు తిరిగే దాకా అక్కడే నిలబడ్డాను. ఎవరికీ చెప్పొద్దని కొట్టాయన్ని బతిమాలాను. ఆయన బావకి చెప్పలేదంటే నాకిచ్చిన మాట కోసమే. ఆయన్నేమీ అనకండి.

అది లేనిది చూడలేదు. ఉన్నదే చూసింది. దాని కళ్ళు బాగానే ఉన్నాయి. పెద్దవాళ్ళం నలుగురం కలిసి, ఒకరం దాక్కుని, ఒకరం కాదని, దాని కళ్ళని అబద్ధం చేశాం. పాలు పాలేనా అని అది అడుగుతోందంటే, ఇక అది దేన్ని నమ్మాలి?

ఇంకొక మాట. మనిద్దరం దీని గురించి మాట్లాడుకోం, అయినా రాస్తాను. వాళ్ళ నాన్న కూడా నేను పడుకుని ఉన్నప్పుడే వెళ్ళాడు. అప్పుడిది పొత్తిళ్ళలో ఉంది. లేచి పక్కన తడిమాను. పాలు తేవడానికి వెళ్ళాడనుకున్నాను. అలా ఎన్నాళ్ళు అనుకున్నానో నువ్వు చూశావు. ఆయన చెప్పి వెళ్ళుంటే తిట్టి, ఏడ్చి, ఎప్పుడో తేరుకునేదాన్ని. చెప్పకుండా వెళ్ళడం వల్ల వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా లేచాను. అదే పని నేను దీనికి చేశాను.

వచ్చే శనివారం వస్తున్నాను. ఈసారి వద్దనకు. నేను వస్తున్నట్టు దానికి ముందే చెప్పండి. ఆదివారం వెళ్ళిపోతానని కూడా చెప్పండి. రెండూ చెప్పండి.

చెల్లి


కుట్టు దుకాణం.
బుధవారం

చెల్లీ,

రా.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన కాసేపు టేపు చుట్టుకుంటూ కూర్చుని, లేచి వెళ్ళి దాని ముందు నేల మీద కూర్చున్నారు. ఆయన మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, కూర్చోవడానికే కాసేపు పట్టింది.

"అమ్మా, అమ్మ బజారుకెళ్ళలేదు. నేనే తప్పు చెప్పాను."

అది తలెత్తలేదు. "తెలుసు. బజారంతా చూశాగా" అంది.

మిగతాది నేను చెప్పాను. ఎక్కడున్నావో, ఏం నేర్చుకుంటున్నావో చెప్పాను. శనివారం వస్తావని, ఆదివారం వెళ్తావని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. గుండీల డబ్బా తీసి బోర్లించింది. చిన్నవీ పెద్దవీ, నల్లవీ తెల్లవీ అన్నీ గదంతా దొర్లాయి. ఇప్పటికీ మంచాల కింద నుంచి ఏరుకుంటూనే ఉన్నాం. దాన్ని కోప్పడడానికి మాకు మొహం లేదు.

చెప్పుల కొట్టు సంగతి మేం చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

నేను రాసిన మాటలు నువ్వు మనసులో పెట్టుకోకు. అది ఏడిస్తే నేను చూడలేను, అంతే. దానికి మంచిదని చెప్పి నాకు తేలికైనదే చేస్తూ వచ్చానేమోనని ఈ రెండు రోజులుగా అనిపిస్తోంది. ఇంతకంటే రాయడం నాకు రాదు.

మీ అక్క


హాస్టలు.
సోమవారం

అక్కా,

చేరాను. వచ్చేటప్పుడు మీతో సరిగా మాట్లాడలేకపోయాను, అందుకే ఇది.

శనివారం నేను వచ్చేసరికి అది బావ వెనక నిలబడి ఉంది. నేను చేతులు చాపినా రాలేదు. సాయంత్రం దాకా నాకు మూడు నాలుగు అడుగుల దూరంలోనే తిరిగింది. నేను లేస్తే లేచింది, కూర్చుంటే కూర్చుంది. నువ్వు ముందు గదిలో మిషను తొక్కుతూనే ఉన్నావు. ఆ రోజు కుట్టడానికి దుకాణంలో బట్టలేవీ లేవని నాకు తెలుసు. మా ఇద్దరికీ గది వదిలిపెట్టావు. ఆ మాట ఎదురుగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు చెప్పాను. "చెప్పుల కొట్టు దగ్గర నువ్వు చూసింది నన్నే. నువ్వు సరిగ్గానే చూశావు."

"ఆకుపచ్చ స్వెటరు" అంది.

"అవును. ఆకుపచ్చ స్వెటరు."

"ఎందుకు దాక్కున్నావు?"

"నిన్ను ఎత్తుకుంటే మళ్ళీ వెళ్ళలేనేమోనని భయమేసింది."

అది నా దగ్గరకొచ్చి, నా వెనక్కి వెళ్ళి, పిడికిలితో వీపు మీద గుద్దింది. ఒకసారి కాదు. అలిసిపోయేదాకా. చిన్న పిడికిలే అయినా ఒకటి రెండు బాగానే తగిలాయి. తర్వాత ముందుకొచ్చి ఒళ్ళో కూర్చుంది. ఇక ఆ సాయంత్రమంతా దిగలేదు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి.

ఆదివారం సంగతి మీరూ చూశారు. మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. ఇప్పుడు వెళ్తున్నాను, బస్సెక్కుతాను, వానలు మొదలయ్యాక వస్తాను, ఈలోపు ప్రతి ఆదివారం ఫోను చేస్తాను. వద్దంది. నా మెడ పట్టుకుని వద్దు వద్దు అంది. వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకోవాల్సి వచ్చింది. బావ దాన్ని ఎత్తుకున్నప్పుడు అది వెనక్కి వాలి పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. పక్కింటి వాళ్ళు తలుపులు తెరిచి చూశారు. తల్లివా రాక్షసివా అన్నట్టు చూశారు. మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాను. అది నన్ను చూస్తూ ఏడుస్తోంది. నేను వెళ్ళడం అది చూసింది.

అక్కా, నిజంగా ఇదే మంచిదా? టీచరమ్మా, మా మేడమూ ఎన్నయినా చెప్పనీ. చెప్పకుండా వెళ్ళినప్పుడు నాకు ఇంత కష్టం కాలేదు. నేను చేసింది తప్పయితే దాచకుండా రాయి. వెంటనే వచ్చేస్తాను.

చెల్లి


కుట్టు దుకాణం, మధ్య గది.
శుక్రవారం

చెల్లీ,

దాచకుండా రాయమన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నువ్వు మలుపు తిరిగాక కూడా చాలాసేపు ఏడ్చింది. మీ బావ బొటనవేలు కొరికింది. నన్ను "పో" అంది. నీళ్ళిస్తే గ్లాసు తోసేసింది. ఏడ్చి ఏడ్చి, కత్తిరించిన ముక్కల గుట్ట మీదే బోర్లా పడి నిద్రపోయింది. తెల్లారేదాకా కదల్లేదు. ఆయన బొటనవేలికి గుడ్డ చుట్టుకుని దాని పక్కనే కూర్చున్నారు. నాకైతే నీ మీద కోపమొచ్చింది, టీచరమ్మ మీద కోపమొచ్చింది. ఎవరి మీదా కోపం నిలవక నా మీదకే వచ్చింది.

పొద్దున అది లేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. కళ్ళు తెరిచింది. పక్కన తడమలేదు. వంటగదిలోకి వెళ్ళలేదు, తలుపు వెనక చూడలేదు. ఆకలేస్తోందంది. పాలిస్తే ఏమీ అడక్కుండా తాగింది.

మంచిదో కాదో నేను చెప్పలేను. టీచరమ్మనడిగితే ఇంకా ఏడుస్తుంది, కోపం చూపిస్తుంది, ఓపిక పట్టండి అంది. అన్నట్టే మంగళవారం మళ్ళీ ఏడ్చింది. నీ మీద పీకలదాకా కోపంగా ఉంది. ఆదివారం ఫోనులో నీతో మాట్లాడనని ఇప్పటి నుంచే చెబుతోంది. అయినా ఆదివారం ఎప్పుడని గంటకోసారి అడుగుతోంది. నువ్వు చెయ్యడం మాత్రం మరిచిపోకు.

నిన్న జరిగింది చెప్పి ముగిస్తాను. ఉల్లిపాయలావిడ రవిక కొలతలివ్వడానికి వచ్చింది. ఇది కింద కూర్చుని టేపుతో బొమ్మకి కొలతలు తీస్తోంది. ఆవిడకి మన సంగతులేం తెలుసు? ఎప్పట్లాగే నవ్వుతూ "ఏమే బుడంకాయా, ఈ మధ్య బస్తాల వెనక చూడ్డానికి రావట్లేదే? మీ అమ్మ ఇంకా బజారు నుంచి రాలేదా?" అంది. మీ బావ కత్తెర ఆగిపోయింది. నేను ఆవిడ భుజం మీద టేపు పెట్టి అలాగే నిలబడ్డాను.

"మా అమ్మ బజారుకెళ్ళలేదు. ఊరెళ్ళింది" అంది బుడంకాయ, బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా.

"అయ్యో, నిన్నొదిలేసా?"

"ఒదిలేసి కాదు. నాకు చెప్పే వెళ్ళింది" అంది.

మీ అక్క